డేగ గేటు పూర్తిగా మూయకండి: రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ శాఖ మంత్రి శ్రీ రాజ్‌నాథ్ సింగ్ గారికి,

నమస్కారం.

నేను విశాఖపట్నంలో పుట్టి పెరిగినదాన్ని. మా ఇల్లు గోపాలపట్నం వైపు. మేడ మీద నిలబడితే మా ఊరి నేవీ ఎయిర్ స్టేషన్ ఐఎన్ఎస్ డేగలో దిగే విమానాలు కనిపిస్తాయి. చిన్నప్పుడు మాకు అదొక ఆట. పైకి చూడకుండా చప్పుడు విని ఏం వస్తోందో చెప్పాలి. ప్రయాణికుల విమానం చప్పుడు వేరు, నేవీ గస్తీ విమానం డోర్నియర్ చప్పుడు వేరు. కమోవ్ హెలికాప్టరయితే కిటికీ అద్దాలు ముందే చెప్పేసేవి. ఒకదాని మీద ఒకటిగా రెండు రెక్కలు తిరుగుతూ, తోక దగ్గర చిన్న ఫ్యాన్ లేకుండా పోయే ఆ హెలికాప్టర్‌ని మా వీధిలో ఏ పిల్లాడైనా గుర్తుపట్టేవాడు. అది సముద్రం మీద ఒక చోట ఆగి, నీళ్ళలోకి సోనార్ (చప్పుడుతో నీటి అడుగున వెతికే పరికరం) దించి జలాంతర్గాముల జాడ వెతుకుతుందని మాత్రం పెద్దయ్యాకే తెలిసింది.

ఇప్పుడు ఈ ఉత్తరం రాయడానికి కారణం విజయనగరం జిల్లాలోని భోగాపురం. అల్లూరి సీతారామరాజు గారి పేరుతో అక్కడ కొత్త అంతర్జాతీయ విమానాశ్రయం కట్టారు. విమానాలు అక్కడికి మారాక, డేగ రన్‌వేనే వాడుకునే మా ఊరి ఎయిర్‌పోర్టులో ఎక్కే వాళ్ళందరూ అక్కడే ఎక్కాలి. దీన్ని నేను వ్యతిరేకించడం లేదు. ఉత్తరాంధ్రకు పెద్ద విమానాశ్రయం కావాలి, నేవీ రన్‌వే మీద నేవీకి పూర్తి స్వేచ్ఛ ఉండాలి. రెండూ న్యాయమే. నా బాధ వేరే. ప్రయాణికులు వెళ్ళిపోయాక ఆ టెర్మినల్ గేటుకి తాళం పడుతుంది. ఆ తాళంతో పాటు 80 ఏళ్ళకు పైబడిన ఒక చరిత్ర, ఆపద రోజున ఊరికి ఉన్న ఒక దారి, రెండూ లోపలే ఉండిపోతాయేమోనని నా భయం. ఆ గేటు పూర్తిగా మూయకండి. నేను అడిగేది ఇదే.

ఆ మైదానం ఎప్పుడూ ఒకే పని చేస్తూ కూర్చోలేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తీరం కాచుకోవడానికి ప్రభుత్వం ఆరు కోస్టల్ డిఫెన్స్ ఫ్లైట్లను, అంటే తీర రక్షణకి చిన్న విమాన దళాలను, ఏర్పాటు చేసింది. మద్రాసు, బొంబాయి, కలకత్తా, కరాచీ, కొచ్చిన్‌లకు ఒక్కొక్కటి. ఆరోది విశాఖపట్నానిది. వాటిలో చాలామంది వాలంటీర్ రిజర్వ్ వాళ్ళు, అంటే యుద్ధానికి ముందు మామూలు ఉద్యోగాలు చేసుకుంటూ సరదాకో పనికో విమానం నడపడం నేర్చుకున్నవాళ్ళు. అప్పటికే కాలం చెల్లిన వాపిటీ లాంటి విమానాలేసుకుని బంగాళాఖాతం మీద గస్తీ తిరిగారు. ఒంటి ఇంజను విమానం, కింద అంతా నీళ్ళు, దారి చూపించే రాడార్ లేదు. వాళ్ళ గురించి విశాఖలో చదువుకున్న నాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు.

1942 ఏప్రిల్ 6 గురించి మాత్రం మా ఇంట్లో చెప్పుకునేవారు. ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక మీంచి లేచిన విమానాలు ఆ రోజు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. మా మామ్మకి అప్పుడు చిన్న వయసు. ‘బాంబులు పడ్డ ఏడు’ అని లెక్క చెప్పేది. ఫలానా వాళ్ళ పెళ్ళి బాంబులు పడ్డ ఏటికి ముందు, ఫలానా పిల్ల పుట్టింది ఆ తర్వాత, అలాగ. ఊళ్ళో సగం మంది మూటలు కట్టుకుని, బళ్ళు కట్టించుకుని చుట్టాల ఊళ్ళకి పోయారట. మామ్మ వాళ్ళ నాన్న ఇంటికి తాళం వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి తులసి కోటలో చెంబెడు నీళ్ళు పోసి బయల్దేరాడని, ఆ సంగతి చెప్పినప్పుడల్లా ఆవిడ గొంతు మారేది. ఆనాడు పడ్డ బాంబొకటి బీచ్ రోడ్డులో డచ్చి బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. బాంబుని దాచుకున్నాం, మంచిదే. ఆ బాంబులు వేసే ఓడల జాడ కనిపెట్టడానికి మనవాళ్ళు లేచి వెళ్ళిన మైదానం గురించి ఆ ఊరి పిల్లలకి చెప్పే చోటు మాత్రం ఎక్కడా లేదు.

యుద్ధం అయిపోయింది, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, మైదానం కొన్నేళ్ళు పెద్దగా ఎవరికీ పట్టలేదు. 1968 మార్చి 1న తూర్పు నౌకాదళ కమాండ్ విశాఖలో ఏర్పడ్డాక మళ్ళీ దాని అవసరం తెలిసొచ్చింది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి మా తీరానికి దగ్గర్లోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. శత్రువు నీళ్ళ కింద నుంచి హార్బరు నోటిదాకా రాగలడని ఆ రాత్రి ఊరికి తెలిసింది. నీళ్ళ కింద ఉన్నవాణ్ణి వెతకాలంటే ఓడలొక్కటీ చాలవు, పైనుంచి చూసే కళ్ళు కావాలి. ఐఎన్ఎస్ డేగ ఆ కళ్ళకి గూడు.

పేరు గురించి ఒక మాట. నేవీ తన ఎయిర్ స్టేషన్లకి పక్షుల పేర్లు పెడుతుంది. కొచ్చిలో గరుడ, గోవాలో హంస, అరక్కోణంలో రాజాళి, ఉచ్చిపుళిలో పరుందు. 1991 అక్టోబరు 21న మా మైదానం నేవీలో కమిషన్ అయినప్పుడు దానికి అచ్చ తెలుగు మాట పెట్టారు. డేగ. నేవీలో ఏ రాష్ట్రం కుర్రాడు ఇక్కడికి పోస్టింగ్ మీద వచ్చినా, భుజం మీద మా భాష మాట ఒకటి మోస్తాడు. ఆ పేరు పెట్టినవారెవరో, ఎలా ఆలోచించి పెట్టారో నాకు తెలుసుకోవాలని ఉంది. అలాంటివన్నీ ఎక్కడో ఫైళ్ళలో ఉండే ఉంటాయి.

ఇక మాబోటి మామూలు మనుషుల కథ 1981లో మొదలైంది, రోజుకి ఒక్క విమానంతో. రన్‌వే నేవీది, విమానాల రాకపోకల్ని నడిపించే ఏటీసీ నేవీది, పక్కన చిన్న టెర్మినల్ మాత్రం పౌర విమానయానానిది. దీన్నే సివిల్ ఎన్‌క్లేవ్ అంటారు. ఒకే రన్‌వేని ఇద్దరు పంచుకోవడం ఉమ్మడి కాపురం లాంటిది, సర్దుబాట్లు తప్పవు. నేవీ శిక్షణ వేళల్లో ఎయిర్‌లైన్స్‌కి స్లాట్లు, అంటే దిగడానికీ లేవడానికీ వేళలు, దొరకవు. పొద్దున విమానం ఉండాలని ఊరివాళ్ళు అడుగుతారు, ఆ పొద్దుటి పూటే పైలట్లకీ కావాలి. విసుక్కున్న రోజులు మాకూ ఉన్నాయి. అయినా 2007 జూన్‌లో 3,050 మీటర్ల కొత్త రన్‌వే వచ్చింది, 2009లో కొత్త టెర్మినల్ వచ్చింది. రోజుకి ఒక్క విమానంతో మొదలైన చోటు నుంచి 2018-19లో 28 లక్షల మందికి పైగా ప్రయాణించారు. రక్షణకీ రాకపోకలకీ పొత్తు కుదరదని ఎవరైనా అంటే, దాదాపు నలభై ఐదేళ్ళు కుదిర్చి చూపించిన చోటు మాది.

నేను కూడా ఆ 28 లక్షల్లో ఉన్నాను. మా నాన్నగారిని మొదటిసారి విమానం ఎక్కించింది అక్కడే. సర్వీసంతా ఆ ఎయిర్‌ఫీల్డు గోడ పక్కనుంచి సైకిల్ మీద డ్యూటీకి వెళ్ళిన మనిషి. విమానం రన్‌వే చివరికి వెళ్ళి తిరుగుతుంటే కిటికీ లోంచి నేవీ హ్యాంగర్లు చూసి, “అమ్మాయ్, గోడకి ఇవతల నుంచి చూస్తే ఇలా ఉంటుందన్నమాట” అన్నారు. ముప్ఫై ఏళ్ళు గోడకి అవతలే ఉన్నారాయన.

ఇప్పుడు హుద్‌హుద్ సంగతి. 2014 అక్టోబరు 12, ఆదివారం. గంటకి 180 కిలోమీటర్ల గాలి. తుఫాను నేరుగా ఒక మహానగరం మీద దిగడం మేము అంతకుముందు చూడలేదు. మధ్యాహ్నం కాసేపు గాలి ఆగింది. అయిపోయిందనుకుని జనం వీధుల్లోకి వచ్చారు. అది తుఫాను కన్ను. తర్వాత రెండో వైపు గాలి మొదటిదాని కంటే ఘోరంగా కొట్టింది. మర్నాడు చూస్తే కైలాసగిరి మీద పచ్చని ఆకన్నది లేదు. ఎయిర్‌పోర్టు టెర్మినల్ పైకప్పు రేకులు లేచిపోయాయి, లోపలంతా నీళ్ళు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, హైవే మీద చెట్లు. బయటి ప్రపంచం ఉందో లేదో తెలియని ఆ రెండు రోజుల్లో మాకు ధైర్యం ఇచ్చిన చప్పుడు ఒకటే, డేగ మీంచి లేచే హెలికాప్టర్లది. ఆ చప్పుడు వినబడగానే మా వీధి ముసలాయన ఒకరు కొమ్మ నరుకుతున్న కత్తి కింద పెట్టి, చేతులెత్తి దణ్ణం పెట్టడం నేను చూశాను. పైకప్పు లేని ఆ టెర్మినల్ నుంచే అక్టోబరు 17న మళ్ళీ విమానాలు మొదలయ్యాయి. అయిదు రోజులు! టెర్మినల్ పాడైనా రన్‌వే నిలిచింది, రన్‌వేని నిలబెట్టే మనుషులు అక్కడే కాపురం ఉంటున్నారు కాబట్టి.

పదేళ్ళ తర్వాత, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు కూడా తూర్పు నౌకాదళం హెలికాప్టర్లు వెళ్ళి మేడల మీద చిక్కుకున్న వాళ్ళకి తిండి, నీళ్ళు దించాయి. యుద్ధానికని కట్టిన మైదానం మా జీవితకాలంలో ఎక్కువగా చేసిన పని ఇదే.

అందుకే భోగాపురం వచ్చాక ఏమవుతుందని అడుగుతున్నాను. భోగాపురం కూడా తీరంలోనే ఉంది. రేపు హుద్‌హుద్ లాంటిది విజయనగరం జిల్లా మీద దిగి అక్కడి టెర్మినల్ పాడయితే, డేగలో ప్రయాణికుల విమానం దింపే ఏర్పాటు ఉంటుందా? రన్‌వే ఉంటుంది సరే. ప్రయాణికుల తనిఖీ సామగ్రి, మెట్ల బళ్ళు, సామాను తరలించే బళ్ళు, ఆ పని తెలిసిన సిబ్బంది, ఎవరి అనుమతి ఎన్ని గంటల్లో రావాలన్న కాగితం, ఇవి లేకపోతే రన్‌వే ఉండి కూడా లేనట్టే.

కొచ్చిలో ఏం జరిగిందో తమకి తెలియనిది కాదు. 2018 ఆగస్టు వరదల్లో నెడుంబాశ్శేరి విమానాశ్రయం మునిగి రెండు వారాలు మూతపడింది. అప్పుడు విల్లింగ్‌డన్ దీవిలో ఉన్న నేవీ ఎయిర్ స్టేషన్ ఐఎన్ఎస్ గరుడ తలుపులు తెరిచింది. ఆగస్టు 20న బెంగళూరు నుంచి చిన్న ఏటీఆర్ విమానం వచ్చి దిగింది. 1999లో కొత్త విమానాశ్రయం వచ్చేవరకు కొచ్చి వాళ్ళు ఎక్కింది ఆ గరుడలోనే. పంతొమ్మిదేళ్ళ తర్వాత, అంత ఆపదలో, పాత గూడే పనికొచ్చింది. అప్పుడు అందరూ కష్టపడి అప్పటికప్పుడు ఏర్పాట్లు చేశారు, వాళ్ళకి దణ్ణం. విశాఖలో మాత్రం ఆ ఏర్పాటు ఆపద వచ్చాక కాదు, ఇప్పుడే, టెర్మినల్లో ఇంకా దీపాలు వెలుగుతుండగానే రాసిపెట్టమని కోరుతున్నాను.

గోవాలో చూడండి. మోపాలో కొత్త విమానాశ్రయం 2023 జనవరిలో మొదలైనా ఐఎన్ఎస్ హంస ఉన్న డబోలింలో ప్రయాణికుల విమానాలు ఆగలేదు. హైదరాబాదులో శంషాబాద్ వచ్చాక 2008 మార్చిలో బేగంపేట నుంచి ఎయిర్‌లైన్స్ వెళ్ళిపోయాయి, కానీ వైమానిక దళం శిక్షణ సాగుతోంది, ఎయిర్ షోలప్పుడు జనం లోపలికి వెళ్ళి చూస్తారు. అంటే పూర్తిగా తెరవడం, పూర్తిగా మూయడం, ఈ రెండు దారులే లేవు. విశాఖకు సరిపోయే మధ్య దారి ఒకటి వేయవచ్చు.

నా మనసులో ఉన్నది ఇది. భోగాపురం ఏ కారణం చేతనైనా ఆగిపోతే డేగలో పౌర విమానాలు దిగడానికి నేవీ, పౌర విమానయాన శాఖ, రాష్ట్ర ప్రభుత్వం ముగ్గురూ కలిసి ఒక ఒప్పందం రాసుకోవాలి. ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో కూడా అందులో ఉండాలి. కనీస సామగ్రిని తీసుకుపోకుండా అక్కడే ఉంచాలి. తుఫాను కాలం మొదలయ్యే ముందు ఏడాదికోసారి రిహార్సల్ చేయాలి. ఎయిర్ అంబులెన్సులకీ, అవయవ మార్పిడి కోసం గుండె, కాలేయం తెచ్చే విమానాలకీ డేగలో ఎప్పుడూ అనుమతి ఉండాలి. ఊళ్ళోని పెద్దాసుపత్రి కేజీహెచ్ నుంచి డేగకి దూరమెంత, భోగాపురానికి దూరమెంత? గుండెకి ఆ తేడా చాలా పెద్దది.

రెండోది, ఆ టెర్మినల్లో ఒక భాగం చరిత్రకివ్వండి. ఈ ఊరికి మ్యూజియాలంటే ఇష్టం. 2002 నుంచి బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని చూడటానికి క్యూలు కడుతున్నారు. 2017 ఏప్రిల్‌లో నేవీ గస్తీ విమానం టీయూ-142 తన ఆఖరి ప్రయాణంలో డేగలో దిగితే, దాన్ని విడదీసి బీచ్ రోడ్డుకి తెచ్చి మళ్ళీ బిగిస్తుంటే ఊరు ఊరంతా వెళ్ళి చూసింది. ఓడల్నీ విమానాల్నీ చూపించే నగరంలో, అవి లేచిన నేల కథ చెప్పే ఒక్క గది ఉండాలి. వాలంటీర్ రిజర్వ్ కుర్రాళ్ళ గస్తీ, 1942 నాటి ఊరి ఖాళీ, డేగ అన్న పేరు ఎలా వచ్చింది, 2014లో రేకులు ఎగిరిపోయిన పైకప్పు ఫొటోలు, 2024 జూన్‌లో ఇక్కడే రిటైరయిన యూహెచ్-3హెచ్ హెలికాప్టర్ల కథ. నేవీ రహస్యాలేవీ అక్కర్లేదు. టెర్మినల్ హైవే వైపే ఉంది, రన్‌వేకి పోకుండానే లోపలికి రావచ్చు. అటువైపు అద్దాలు మూసేసినా మాకు అభ్యంతరం లేదు.

దీనికి తొందర ఎందుకంటే, మనుషులు వెళ్ళిపోతున్నారు. 1942ని కళ్ళతో చూసినవాళ్ళు ఇక ఎందరో లేరు. మా మామ్మ చెప్పినవి ఎవరూ రికార్డు చేయలేదు, నేను కూడా. 1981లో మొదటి రోజుల్లో లగేజీ మోసిన వాళ్ళు, నేవీలో చేరి ఇక్కడే రిటైరై మర్రిపాలెం, మల్కాపురం, షీలానగర్‌లలో ఇళ్ళు కట్టుకున్న టెక్నీషియన్లు ఇంకా ఉన్నారు. వాళ్ళ ఇళ్ళల్లో ట్రంకు పెట్టెల్లో ఫొటోలున్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం చరిత్ర విభాగం విద్యార్థులకి ఒక టేప్ రికార్డరిచ్చి ఆరు నెలలు పంపితే చాలు, సగం మ్యూజియం వచ్చేస్తుంది. మిగతా సగం తమ శాఖ ఫైళ్ళలో ఉంది.

భద్రత పేరు చెప్పి ఇవేవీ కుదరవంటారేమోనని కూడా ఆలోచించాను. తూర్పు తీరంలో ఇంత ముఖ్యమైన స్థావరం పక్కన జనాన్ని రానివ్వడం ప్రమాదమని ఎవరైనా అధికారి రాస్తే ఆయన్ని తప్పు పట్టను. కానీ అదే గేటులోంచి ఏడాదికి 28 లక్షల మంది వెళ్ళిన రోజుల్లో కూడా భద్రత సాగింది. అందులో పదో వంతు వచ్చే మ్యూజియానికి, ఏడాదికోసారి జరిగే రిహార్సల్‌కి దారి దొరకదని నేను నమ్మలేను.

పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు మా ఉత్తరాంధ్రలోనే శ్రీకాకుళం బిడ్డ. తితలీ తుఫాను ఉద్దానం కొబ్బరి తోటల్ని ఏం చేసిందో చూసినవారు. ఈ ఉత్తరం ప్రతి ఒకటి వారికీ పంపుతున్నాను. మీరిద్దరూ ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే చాలనిపిస్తుంది, ఎందుకంటే రన్‌వే మీది, టెర్మినల్ వారిది.

మా నాన్నగారి దగ్గర ఒక ఫొటో ఉంది. ఎనభైల్లో ఎవరో స్నేహితుడు తీసింది. ఎయిర్‌ఫీల్డు గోడ, గోడ మీద గడ్డి, సైకిల్ ఆపి నిలబడ్డ నాన్నగారు, వెనకాల దూరంగా గాల్లోకి లేస్తున్న చిన్న విమానం. విమానం మసకగా పడింది, నాన్నగారు మాత్రం స్పష్టంగా ఉన్నారు. గది తెరిచిన రోజు అది ఇవ్వడానికి ఆయన ఒప్పుకున్నారు. ఫ్రేము నేనే కట్టించి తెస్తాను. ఎవరికి అప్పగించాలో మాత్రం తెలియజేయగలరు.

ఇట్లు,
ఐఎన్ఎస్ డేగ గోడ పక్కన పెరిగిన ఒక విశాఖ పౌరురాలు